చక్కెర తగ్గించిన సీసా

ద్రాక్షరసం కాయడం నాకు అమ్మ నేర్పింది. పాడేరు సంతలో నల్లద్రాక్ష కొని, కడిగి, కాసిని నీళ్లతో ఉడికించి, తోలు పగిలాక చిదిమి పాత పంచెలో వడగట్టాలి. రసానికి సమానంగా చక్కెర పోసి, తీగపాకం రాకముందే దించాలి. మా కొండమీద చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పంచుతారు. ఏళ్లుగా ఆ రసం అమ్మదే. నాన్న తాగి తాగి పోయిన ఇంట్లోంచి బల్లకి రసం వెళ్లడం అమ్మకి ఎంత గొప్పో నాకు తెలుసు.

అదే విద్యతో నేను అరకు దారిలో ఒక రిసార్టుకి సిరప్పులు చేసి పంపుతున్నాను. కమలా, అనాస, నల్లద్రాక్ష. అక్కడ వాటిని కాక్‌టెయిల్స్‌లో కలుపుతారు. అమ్మతో మాత్రం షర్బతుకని చెప్పాను. అబద్ధమే. పోయిన ఏడాది ఆ బారులో పనిచేసే ఆయన ఫోన్ చేసి, తీపి ఎక్కువవుతోంది, చక్కెర సగం చెయ్యండి, పండు వాసన పోకుండా తక్కువ మరిగించండి అన్నాడు. అలాగే చేశాను. అలాంటి రసం ఫ్రిజ్‌లోనే నిలవుంటుంది. ఆ వారం గాలివానకి మూడు రోజులు కరెంటు లేదు. నా సీసాలు తీసి అమ్మ సీసా పక్కనే చల్లగా ఉన్న అరలో పెట్టాను. అన్నీ ఒక్కలాంటి సీసాలే. శనివారం చర్చికి సీసా పంపింది నేనే. ఏది తీశానో చూసుకోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

అన్నయ్య తాగుడు మానేసి అప్పటికి పదకొండు నెలలు. అంతకుముందు వదిన పడ్డ బాధ ఇక్కడ రాయను. పిల్లల్ని తీసుకుని రెండుసార్లు పుట్టింటికి వెళ్లింది. మూడోసారి వెళ్తే ఇక రానని అందరి ముందూ చెప్పింది. ఆ ఆదివారం అన్నయ్య బల్ల ముందు మోకాళ్లూని, గ్లాసు పెదవిదాకా తెచ్చుకుని, ఆగి, తాగకుండా పళ్లెంలో పెట్టేశాడు. మా దగ్గర బల్ల తీసుకోకుండా లేచాడంటే ఒకటే అర్థం, పాపంలో ఉన్నానని ఒప్పుకోవడం. అన్నయ్య పాపమేమిటో ఊరందరికీ తెలుసు. నాకూ ఒళ్లు మండింది, మళ్లీ మొదలెట్టాడని. నా గ్లాసు నేను తాగాను. కాస్త పులుపనిపించింది, కాయ అలాంటిదేమోలే అనుకున్నాను.

వదిన అన్నయ్యని ఏమీ అడగలేదు. మధ్యాహ్నం జీపుకి పిల్లలతో చింతపల్లిలో పుట్టింటికి వెళ్లిపోయింది.

సోమవారం రిసార్టుకి పంపడానికి సీసాలు తీశాను. ఒకదాని మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగింది. కల్లు వాసన. పక్కది రుచి చూస్తే పాకంలా తియ్యగా ఉంది. అమ్మ ఆ నెల బల్లకని కాచిన ఒక్కగానొక్క సీసా ఇంట్లోనే ఉండిపోయింది!

అన్నయ్య కాఫీ తోటలో కొమ్మలు కొడుతున్నాడు. వాసన తెలిసి కూడా అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగాను. కత్తి ఆపకుండానే అన్నాడు.

"అందరి ముందూ అంటే అమ్మ మరి ఆ రసం గిన్నె ముట్టుకుంటాదేటి?"

అమ్మకి అంతా చెప్పాను, కాక్‌టెయిల్ సంగతితో సహా. పొంగిన సీసా సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జీపెక్కింది. ఘాట్ రోడ్డు పొడవునా దాన్ని ఒళ్లోనే పట్టుకుంది. చింతపల్లిలో వదిన ముందు కూర్చుని మూత తీసింది.

"వాసన సూడమ్మా. నీ మొగుడు తాగనేదు. మా ఇంటి రసమే పులిసిపోనాది."

కాచిందీ పంపిందీ నేనేనని చెప్పాను. వచ్చే ఆదివారం చర్చిలో కూడా నేనే లేచి చెబుతానన్నాను. వదిన సీసా దగ్గరికి తీసుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఏడ్చింది. తిరుగు జీపుకి పిల్లలతో సహా మాతో వచ్చేసింది.

మేం దిగేసరికి అన్నయ్య వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. పిల్లలు పరిగెత్తి అతన్ని చుట్టుకున్నారు. వదిన ఎదురుగా నిలబడి, "నాకైనా సెప్పకపోయావేటి?" అంది.

అన్నయ్య తలెత్తలేదు.

"నువ్వు అడగనేదు కదా" అన్నాడు.