అన్న చెవులు, నా ఏడు బేస్ గిటార్లు

అన్న చెవులు పాడవలేదు. శృతి తక్కువగా ఉన్నది మా చర్చిలోని హార్మోనియం. ఆ సంగతి ఆ రోజు నా ఒక్కడికే తెలుసు. నేను చెప్పలేదు. పద్నాలుగేళ్లు చెప్పలేదు.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. శ్రీరాంపూర్‌లో మా చర్చిలో బేస్ గిటార్ వాయించిన మనిషి, నాకు నేర్పిన మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బొగ్గుబావిలో డ్రిల్లు మీద పని చేసేవాడు. నేను అదే బావి ఆఫీసులో గుమాస్తాను. వారమంతా ఆయన భూమి కింద, నేను పైన. ఆదివారం మాత్రం ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆయన వాయించేవాడు, నేను ఆయన వేళ్లు చూసేవాణ్ని.

ఇప్పుడు నా దగ్గర ఏడు బేస్ గిటార్లున్నాయి. ముందుగది గోడకు నాలుగు, మంచం కింద మూడు. మా ఇంటామె చీపురు పట్టుకున్నప్పుడల్లా లెక్క చెబుతుంది.

"ఒక్కోదానికి నాలుగు తీగలు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. గిన్ని తీగల మీద ఆరేస్తే వాడకట్టు బట్టలన్ని ఆర్తయి. నువ్వు వాయించేది సూస్తే ఆదివారం నాలుగు పాటలు. గదిగూడ గుబగుబ తప్ప ఏం ఇనబడది."

ఇన్ని ఎందుకని అడిగినవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మంచి జవాబులే ఉన్నాయి. ఒకదాని చెక్క బరువు, మీటిన స్వరం చాలాసేపు నిలుస్తుంది. ఒకదాని మెడ సన్నం, చలికాలంలో వేళ్లు బిగుసుకున్నప్పుడు అదే నయం. కొత్త తీగలు ఖంగుమంటాయి, పాతవి మెత్తగా పలుకుతాయి. కొన్ని పాటలకు అది కావాలి, కొన్నింటికి ఇది. పాత గిటార్ కొంటే దాన్ని వాయించినవాడి అలవాటు కూడా వెంట వస్తుంది. బొటనవేలు ఆనించిన చోట రంగు లేచిపోయి ఉంటుంది, మన వేలు దానంతటది అక్కడికే పోతుంది. ఇవన్నీ నిజాలే. అసలు నిజం మాత్రం నాకు రెండో గిటార్ అమ్మిన మెట్‌పల్లి మనిషి చెప్పాడు.

అతను గల్ఫ్‌లో పన్నెండేళ్లు పని చేసి వచ్చినవాడు. అక్కడి క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్లు శుక్రవారం పూట పాటలు పెట్టుకునేవారట. పని అయిపోయి ఊరికి పోయేవాడు తన గిటార్‌ను ఎంతకో అంతకు వదిలించుకుని పోతాడు. అట్లా సెలవుకు వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చి, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడు.

"ఒక్కటే గిటారుంటే తప్పు వోయినప్పుడల్ల అది మన తప్పే అయితది సార్," అన్నాడు. "నాలుగుంటే, ఇయ్యాల ఇది పలుకుతలేదు, అది తెస్తే అయిపోవు అనొచ్చు. గందుకే కొంటం. మీదికెళ్లి ఎన్ని కథలన్న చెప్పుతం."

చెప్పి పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అన్న దగ్గర ఉన్నది ఒక్కటే. దాని తీగలు ఆయన మార్చగా నేను చూడలేదు. మొద్దుబారితే విప్పి, నీళ్లలో ఉడకబెట్టి, తుడిచి మళ్లీ కట్టేవాడు. వదిన గిన్నె గుంజుకునేది. "పప్పు వండుకునే గిన్నెల తీగలు ఉడకవెడ్తవా? ఇంక జర ఉప్పేసి మమ్ముల తినుమను!" ఆయన నవ్వుతూ ఇంకో గిన్నె వెతుక్కునేవాడు. వాయించేటప్పుడు బొటనవేలు తప్ప ఇంకోటి వాడేవాడు కాదు. నేను వేళ్లు పరుగెత్తిస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఎందుకురా గంత లొల్లి? పాడేటోళ్లకు మనం కాళ్ల కింది నేల లెక్క. నేల ఎగురుతదా?"

ఆయన గొప్పంతా చెవిలో ఉండేది. హార్మోనియం మీద స్వరం అడిగి శృతి చేసుకోవడం ఆయనకు తెలియదు. "ఇంటికాడ వెట్టుకొస్త" అనేవాడు. ఆ హార్మోనియం శృతి ఆయన తలలో ఉండేది. ఇంట్లో తీగలు బిగించుకుని, చర్చికి వచ్చి, నేరుగా పాటలోకి దిగేవాడు. ఒక్కసారి తేడా వచ్చింది లేదు.

గల్ఫ్‌లో కొడుకులున్న ఒక కుటుంబం చర్చికి కీబోర్డు ఇచ్చింది. శనివారం సాయంత్రం దాన్ని బిగించినప్పుడు అన్న రెండో షిఫ్టులో ఉన్నాడు. నా జేబులో అగ్గిపెట్టెంత ట్యూనర్ ఉండేది. స్వరం సరిగ్గా ఉంటే పచ్చ దీపం, తప్పితే ఎర్ర దీపం. కీబోర్డుకు పచ్చ దీపం వెలిగింది. ఊరికే చూద్దామని హార్మోనియం తిత్తి ఊది ఒక మెట్టు నొక్కాను. ఎర్ర దీపం. ఇంకో మెట్టు, మళ్లీ ఎరుపే. తెల్లదొరల కాలం నాటి పెట్టె అది, దాదాపు అర స్వరం కిందికి జారి ఉంది. దానితోపాటే మేమందరం ఏళ్ల తరబడి కిందికి జారి పాడుతున్నాం. అందరూ కలిసి జారితే ఎవరికీ తెలియదు.

రేపు అన్న ఇంటిదగ్గరే హార్మోనియం శృతి పెట్టుకుని వస్తాడు. ఆ మాట నాకు అక్కడే తట్టింది. ఆయన ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. వదినకు చెప్పినా సరిపోయేది. నేను ఆ గల్లీ ముందు నుంచే నడిచి ఇంటికి పోయాను. ఆరేళ్లుగా ఆయన పక్కన కూర్చుంటున్నాను, ఒక్క ఆదివారం గిటార్ నా చేతికి ఇవ్వలేదు. ఆ ముందటి క్రిస్మస్‌కు అడిగితే, "ఇంక జర ఆగురా" అన్నాడు. ఆ మాట నా కడుపులో ఉంది.

మరునాడు మొదటి పాటకే తేలిపోయింది. కీబోర్డు ఒక చోట, బేస్ ఒక చోట. ఆడవాళ్ల వరసల్లో తలలు ఇటు తిరిగాయి. అన్న ఆపి, తీగలు బిగించే బిరడాలు తిప్పి, మళ్లీ వాయించాడు. కంగారులో అది ఇంకా చెడింది. అంతకుముందు ఆ నెలలోనే దవాఖానలో ఆయన ఎడమ చెవి వినికిడి కొంచెం తగ్గిందన్నారు. చర్చి మొత్తం ఆ చెవి కోసం ప్రార్థన కూడా చేసింది. ఇక చెప్పేదేముంది? అందరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. పాస్టరయ్య చేత్తో ఇక చాలని సైగ చేశాడు.

అన్న నా వైపు వంగాడు. "నాకు గా కొత్త పెట్టె శృతి మీదికి ఇనబడుతున్నదిరా. నీకెట్లుంది?"

"నాకు మంచిగనే ఉందన్నా," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "అయితే బావి నా చెవులు తిన్నట్టే," అని గిటార్ నా ఒళ్లో పెట్టి, లేచి వెనక బెంచీకి పోయాడు. అందరూ ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు నేను ట్యూనర్ తీసి, నాలుగు తీగలూ పచ్చ దీపం వెలిగేదాకా బిగించాను. రెండో పాట కలిసిపోయింది. బయటికొచ్చాక సంఘపెద్ద నా భుజం తట్టి, "నీది చెవి అంటే చెవిరా!" అన్నాడు. అన్న వినేటంత దగ్గరలోనే అన్నాడు. నేను నవ్వాను.

అన్న మళ్లీ వాయించలేదు. గిటార్‌ను ఎవరికో ఇచ్చేశాడు. హార్మోనియానికి చెదలు పట్టి పారేశారు, ఇక సరిచూసుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. వాయించడమే కాదు, పాడడమూ మానేశాడు. ప్రతి ఆదివారం వెనక బెంచీలో పాటల పుస్తకం తెరిచి పెదవులు కదిపేవాడు, గొంతు రాదు. ముందు కూర్చునే నాకు అది ప్రతిసారీ కనబడేది. ఆ ఏళ్లలోనే నేను గిటార్లు కొన్నాను. ఏది కొన్నా పాటకు పాటకు మధ్య ట్యూనర్ తీసి చూసుకోవడం నా అలవాటు. నా చెవి మీద నాకు నమ్మకం లేదు. చూసినవాళ్లు దాన్ని శ్రద్ధ అనుకున్నారు.

పోయిన ఏడు అన్న మనవరాలి బాప్తిస్మం. ఆసిఫాబాద్ నుంచి కూతురు వచ్చింది. పాస్టరయ్య పిల్ల తల మీద నీళ్లు చల్లి అయ్యాక, ఆమె తండ్రిని బతిమాలింది.

"బాపూ, నా చిన్నప్పుడు పాడుదువు గద. గదొక్కటి పాడు."

"వద్దు బిడ్డా. నా చెవులు మంచిగలేవు. పసిపిల్లకు తప్పు శృతి ఇనిపియ్యద్దు."

"నా పెండ్లిలగూడ గిట్లనే అంటివి," అని ఆమె పిల్లను తీసుకుని అటు తిరిగింది. ఏడో గిటార్ మెడలో వేసుకుని నేను వాళ్లకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

మరునాడు పొద్దున అన్న ఇంటికి పోయాను. పెరట్లో చిక్కుడు పాదుకు కట్టెలు పాతుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఎంత తక్కువుండె?"

"అర స్వరమంత అన్నా."

"అంటే నాకు ఇనబడ్డది కరెక్టే."

"కరెక్టే అన్నా."

చేతిలోని కట్టె కింద పడేశాడు. "నన్నుగన్న మా అవ్వను మట్టిచేసిన్నాడు అందరు పాడిన్రు. నేను నోరు మూస్కొని నిలవడ్డ. శృతి తప్పితే అవ్వకు అవమానమని. తెలుసా నీకు?"

నేను ఆయన కాళ్ల మీదికి వంగబోయాను. వెనక్కి జరిగాడు.

"లే. ఇంట్లకొచ్చి నా ఒక్కని చెవుల ఊదితే అయిపాయెనా? నేను చెవిటోన్నయింది నీ ఒక్కని ముందటనేనా?"

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. నాకు ముందు ఒకాయన కొడుక్కు వీసా వచ్చిందని, ఒకామె షుగర్ దిగిందని స్తోత్రాలు చెప్పారు. నేను హార్మోనియం మాట ఎత్తగానే సంఘపెద్ద అడ్డుపడ్డాడు. "గా పాత ముచ్చట ఇప్పుడెందుకు తమ్మీ?"

"చెప్పనియ్యిన్రి," అని వెనక బెంచీ నుంచి అన్న గొంతు వచ్చింది.

చెప్పాను. "గా రోజు అన్న శృతి తప్పలే. మన హార్మోనియమే తక్కువుండె. ముందటి రోజే నాకు ఎరుక. అన్న నన్ను అడిగిండు, నేను అబద్ధమాడిన. మీరు మెచ్చుకున్నది నా చెవిని గాదు, నా జేబుల మిషిన్‌ను. అన్నా, నీ జాగ మీద ఆశపడి నీ చెవులు పోయినయని నిన్నే నమ్మిచ్చిన. నీ తల్లి మట్టికాడ, నీ బిడ్డ పెండ్లిల నీ నోరు మూసింది నేను. క్షమించు అన్నా. నువ్వు క్షమించకున్నా తప్పు నాదే."