మెడలో పెన్‌డ్రైవు

మిక్సీలకు వాడకం పుస్తకాలు రాసే పెద్దాయన కుర్చీ గోడకు ఆనుకునే ఉంటుంది. వెనకనుంచి ఎవరూ తొంగిచూడకూడదు. టీకి లేచినా కంప్యూటర్‌కు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వచ్చి చూసుకుంటాడు. రాతలన్నీ అందరికీ ఒకేచోట ఉంచి, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే కొత్త పద్ధతి ఆఫీసులోకి వచ్చినప్పటినుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. అందుకే తాను మొదట రాసిన ప్రతిని పెన్‌డ్రైవులో దాచి, తాయెత్తులా మెడలో వేసుకు తిరుగుతాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఎవరేం చెడగొట్టారోనని, అందులోని తన పాత ప్రతినే ఉమ్మడి ప్రతి మీద ఎక్కించేస్తాడు.

పుస్తకం అచ్చుకు వెళ్లాల్సిన రోజున పక్క సీటు అమ్మాయి లబలబలాడింది. “బాబాయ్‌గారూ, మూత తీసేముందు స్విచ్ ఆపమన్న వాక్యం మళ్లీ మాయం! రోజూ రాస్తున్నా, రోజూ పోతోంది. ఎవరి వేళ్లో తెగితే?” “నే చెప్పలా, ఈ గదిలో దొంగ ఉన్నాడని? తియ్, ఎవడో చూద్దాం!” అన్నాడు పెద్దాయన. ఆమె మార్పుల చరిత్ర తెరిచింది. ప్రతి పొద్దునా ఆ వాక్యాన్ని తుడిచేసిన పేరు ఒకటే, ఆయనది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. గొంతు తగ్గించి, “చూశావామ్మా, ఎంత తెలివైనవాడో! నా పేరే పెట్టాడు” అన్నాడు. ఆమె నవ్వలేదు. వాక్యాన్ని తిరిగి చేర్చి, “రేపు కూడా వస్తాడంటారా?” అంది. ఆయన మెడలోంచి పెన్‌డ్రైవు తీసి ఆమె సొరుగులో పెట్టాడు. “సొరుగు తాళం నీ దగ్గరే ఉంచుకో తల్లీ. వాడొచ్చి అడిగితే నేను ఇచ్చేస్తానేమో.”