ఏడో నంబరు మేక

మూడేళ్ల కిందట నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. ఆదివారాలు మా లేబర్ క్యాంపు వాళ్లమంతా ఫోన్లలో ఆడుకునే కార్ల గేమ్‌కి స్క్రిప్టులు రాసే మేధావిని కూడా నేనే. నా కింది మంచం మల్లేశ్ ప్రతివారం నన్ను ఓడించి ఎగతాళి చేసేవాడు. ఒళ్లు మండి, ఆటలో అతన్ని నిమిషానికోసారి మేకగా మార్చే ఫంక్షన్, అంటే చిన్న కోడ్ ముక్క, రాశాను. ఎవర్ని మార్చాలో చెప్పడానికి దానికి ఆటగాణ్ణే నేరుగా అప్పగించవచ్చు. నేను బద్ధకించి ఆటలో అతని నంబరు ఏడు అని ఇచ్చి ఊరుకున్నాను.

ఆట మధ్యలో నెట్ పోయి మల్లేశ్ బయటపడ్డాడు. క్యాంపులో ఖాళీ అయిన మంచంలాగే ఆ ఏడో నంబరు తర్వాత వచ్చినవాడికి దక్కింది. అలా ఆటలోకి వచ్చింది మా మేనేజరు, మేం అరబ్బీలో ముదీర్ అని పిలిచే కరీంనగర్ ఆయన. నా సెలవు కాగితం అప్పటికింకా ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది.

మూడోసారి మేకయ్యాక ఆయన ఫోన్ పట్టుకుని మా గదికే వచ్చాడు.

“అందరు కార్లల్ల పోతుంటే నేనొక్కన్నే మేకనెందుకైతున్న? ఎవడు రాసిండ్రా ఇది?”

మల్లేశ్ లేచి, పేరు గానీ నంబరు గానీ చెప్పకుండా, తిన్నగా నా ముక్కు మీదికి వేలు చూపించాడు.

“ఇగో, గీయనే సార్.”

నా సెలవు రెండు నెలలు వెనక్కి పోయింది. పొరపాటుకు తావు లేకుండా మనిషిని ఎలా చూపించాలో మాత్రం ఆ వేలే నేర్పింది.