వేరు పేరు తెలిసిన మూడో మనిషి

వార్తను కింది నుంచి కోస్తారు. చోటు చాలకపోతే ముందు చివరి పేరా పోతుంది, తర్వాత దాని పైది. ముప్పై ఏళ్లు పత్రికకు రాసినవాణ్ని కాబట్టి అసలు మాట ముందే పెడుతున్నాను. కోసక్క రహస్యాన్ని బయటపెట్టింది నేను. ఆమె కోడలు భీమె కాదు. ఈ రెండు ముక్కలనే తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. రాసి చూస్తే ఇంతే ఉన్నాయి.

ఇంత చిన్న మాటకు తొమ్మిదేళ్లా? మీరు అడగకముందే నన్ను నేను అడుగుతున్నాను.

కోసక్కది బస్తర్ అడవుల్లో, తర్లగూడకు లోపల, రోడ్డు దిగి చాలాసేపు నడవాల్సిన ఊరు. ఇప్పపూలతో సారా కాచని ఇల్లు అక్కడ లేదు. కోసక్క మాత్రం కాచిన సారాలో ఒక వేరు ముక్క, ఎండిన నిమ్మతొక్క, తేనె వేసి, కుండ మూతికి బట్ట కట్టి నెలల తరబడి కదపకుండా ఉంచేది. తీసేసరికి లేత పసుపు రంగు వచ్చేది. ముందు చేదు, వెనక తీపి, గొంతు దిగాక తొలివాన పడిన మట్టి వాసన. పెళ్లికైనా, చావుకైనా, కొత్త పంట పండుగకైనా నాలుగు ఊళ్లవాళ్లు ఆ కుండ కోసమే వచ్చేవారు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, కోసక్క, భీమె. కొడుకు జ్వరంతో పోయాడు. అప్పుడు బీజాపూర్ ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నది నేనే. అప్పటి నుంచి నన్ను తమ్మీ అని పిలిచేది.

ఒక వేసవిలో పుణె నుంచి ఒకాయన వచ్చాడు. యూరప్‌లో తరతరాలుగా మూలికలతో చేసే తీపి మద్యాల మీద చదువుకున్నవాడు. బస్తర్ ఇప్పసారాను వాటి పక్కన నిలబెట్టాలని ఆయన కోరిక. హిందీ, తెలుగు రెండూ వచ్చినవాణ్నని నన్ను వెంట తీసుకెళ్లాడు. కోసక్క వాకిట్లో చెక్కపెట్టె తెరిచి బొటనవేలంత సీసాలు ఏడు వరుసగా పెట్టాడు.

కోసక్క ప్రతి సీసాలోంచి రెండు చుక్కలు ముందు నేలకు వదిలింది. అది ఇక్కడి ఆచారం, పోయిన పెద్దలకు ఇవ్వనిదే నాలుక మీద వేసుకోరు. "వాళ్ల పెద్దలు ఇంత దూరం వస్తరా అత్తా?" అని భీమె నవ్వింది. "సీస వచ్చినప్పుడు వాళ్లు రారా?" అంది కోసక్క.

మొదటిది తాగి, "సోపు" అంది. రెండోది: "జీలకర్ర లెక్కనే ఉంది, గని జీలకర్ర కాదు. దాని అక్కనో చెల్లెనో." మూడోది నారింజ. "తొక్కను ఎండకు పెట్టలే, నీడకే ఆరబెట్టిన్రు." పుణె ఆయన రాసుకుంటున్న కలం ఆపి నా వైపు చూశాడు. బాదం వాసన ఉన్నదాన్ని ఉమ్మేసింది. "ఇంత చక్కెరేంది? మందు మంచిగ లేకుంటెనే చక్కెర పోస్తరు." చివర్న ఆకుపచ్చది. దాన్ని చాలాసేపు నోట్లో ఉంచుకుంది. "దీంట్ల ఒక్క ఆకు కాదు. అడవంత ఉంది."

ఆ ఆకుపచ్చ మందు ఒక మఠంలో పుట్టిందనీ, అందులో ఏమేం వేస్తారో ఏ కాలంలోనైనా ఇద్దరు సన్యాసులకే తెలుస్తుందనీ ఆయన చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే కోసక్క చేతులు చరిచింది. "అగో! మేం గూడ ఇద్దరమే. నేను, ఇది." భీమె సిగ్గుపడి తల దించుకుంది. ఆయన ఎంత అడిగినా వేరు పేరు మాత్రం కోసక్క చెప్పలేదు.

ఆయన రోడ్డు మీద ఆపిన జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఉండిపోయాను. ఎందుకు ఉండిపోయాను? ఎండగా ఉందని ఆమెతో అన్నాను. నిజానికి ఆ ఒక్క మాట లేకుండా నా వార్త పూర్తి కాదని నాకప్పటికే తెలుసు. భీమె నీళ్లకు పోయింది. నేను తోచిన వేరు పేర్లన్నీ చెబుతూ పోయాను, ఆమె నవ్వుతూ పోయింది. చివరికి లోపలికెళ్లి ఒక ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టి పేరు చెప్పింది. దాన్ని ఎలా తవ్వాలో కూడా చెప్పింది. విత్తనం రాలాకే, కొత్త పంట పండుగ దాటాకే తవ్వాలి. పక్కవేరు కోసుకుని తల్లివేరును మట్టిలోనే వదలాలి.

"రాయవు గద తమ్మీ?"

"రాయనక్కా."

రాశాను. రాయపూర్‌లో అచ్చయ్యే హిందీ పత్రిక అది, ఆదివారం పేజీ. ఆమె పేరు వేయలేదు, ఊరి పేరు వేయలేదు. అదే మర్యాద అనుకున్నాను. వేరు పేరు మాత్రం మూడో పేరాలో పెట్టాను. తవ్వే పద్ధతిని చివరి పేరాలో పెట్టాను. ఒక పేరా ఎక్కువైందని డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. వేరు గురించినది తీసేద్దామా, చివరిది తీసేద్దామా అని అడిగారు. చివరిది తీసేయండి అన్నాను. డెస్కువాళ్లే కోశారని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లు నన్ను అడిగారు. అడిగే కోశారు.

ఆ వానాకాలమే సంతలో వ్యాపారులు ఆ వేరు పేరు పెట్టి అడగడం మొదలైంది. జనం పండుగదాకా ఆగలేదు. విత్తనం కట్టకముందే, తల్లివేరుతో సహా తవ్వేశారు. మరుసటి ఏడు తక్కువ దొరికింది. ఆ పై ఏడు కోసక్క మూడు రోజులు అడవిలో తిరిగి ఖాళీ చేతులతో వచ్చింది.

తర్వాత ఒకసారి బీజాపూర్ సంతలో ఎండుచేపల దగ్గర నన్ను పట్టుకుంది. సన్నబడింది. చేపలామె తూకం వేస్తోంది.

"తమ్మీ, నువ్వు పేపరోనివి. అందరి ముచ్చట్లు నీకెరుక. నా వేరు ముచ్చట ఎవలు బయటపెట్టిన్రు?"

చేపలామె పాత కాగితం ఒకటి లాగి పొట్లం కడుతోంది. మా పత్రికే. ఆ పేజీయేనా అని నా కళ్లు ముందు దానిమీదికి పోయాయి. కాదు. క్రికెట్ పేజీ. అప్పుడు నా గుండె తేలికపడింది. ఆ వెంటనే చెప్పిన అబద్ధం కన్నా ఆ తేలికనే నేను ఎక్కువ అసహ్యించుకుంటాను. కోసక్కకు హిందీ అక్షరం రాదు, ఏ పేజీ అయితే మాత్రం ఏమయ్యేది? అయినా చూశాను.

"నాకేం తెలుసక్కా."

"భీమె వాళ్లన్న పామేడుల ఆ వేరే అమ్ముతుండట. ఎరుకున్నది ఇద్దరికే. నేను చెప్పలే." ఆగి నా ముఖంలోకి చూసింది. "మరి అదేనంటవా?"

మూడో మనిషి ఎదురుగానే ఉన్నాడని ఆమెకు తట్టలేదు. కాదు, తట్టిందేమో. తట్టినా తమ్ముడని అనుకున్నవాణ్ని అనుమానించడం కన్నా కోడల్ని అనుమానించడం ఆమెకు తేలికైందేమో. ఆమె అడిగినదానికి నేను అవుననలేదు, కాదనలేదు. ఆమె పొట్లం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. కుండను ముట్టొద్దని కోడలికి చెప్పిందట. భీమె నెల రోజులు ఓర్చుకుని పుట్టింటికి, పామేడుకు వెళ్లిపోయింది. మళ్లీ తిరిగి రాలేదు. కోసక్క ఊరి దారి మీదుగా నేను ఎన్నోసార్లు వెళ్లాను. ఒక్క మాట చెబితే చాలు. ఈసారి కాదు, వచ్చేసారి అనుకునేవాణ్ని. పోయిన చలికాలంలో కోసక్క చనిపోయింది. చావులో పెద్దలకు సారా పొయ్యడానికి పోయినామె నేర్పిన చెయ్యే కావాలి. భీమె నడిచి వచ్చింది. ఊరివాళ్లు ఆమెను సారా పోసే ఆకుదొప్ప పట్టనివ్వలేదు. "ముచ్చట అమ్ముకున్న చెయ్యి ఇది" అని ఎవరో అన్నారు. నేను అక్కడే ఉన్నాను. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, అందరితోపాటు నిలబడి.

పామేడుకు ఇప్పుడు జీపులు పోతున్నాయి. మొన్న వెళ్లాను. భీమె వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. జుట్టు నెరిసింది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. మొత్తం విని పూలను చేత్తో సర్దుతూనే అడిగింది.

"అత్త బతికున్నప్పుడేమైంది నీకు?"

పూలలోంచి ఒక పుల్ల ఏరి పారేసింది.

"నాకొక్కదానికి చెప్తె ఏం లాభం? పేపర్ల రాసి చెడగొట్టినవు. పేపర్లనే చెప్పు. ఊరోళ్లకు సమజయ్యేటట్టు తెలుగుల రాయి, నేనే చదివిస్త." తలెత్తి, "వేరు పేరు రాయకు మళ్ల" అంది.

రాయలేదు. మీరు గమనించే ఉంటారు.

లేచి లోపలికెళ్లి దొప్పలో సారా తెచ్చింది. వాకిట్లోకి వచ్చిన మనిషికి ఇవ్వకుండా పంపరు ఇక్కడ. పెద్దలకు రెండు చుక్కలు వదిలి నాకు ఇస్తుందనుకుని చెయ్యి చాచాను. రెండు చుక్కలతో ఆపలేదు. కోసక్క పేరు పలికి మొత్తం నేలకు పోసింది. ఖాళీ దొప్పను నా ముందు బోర్లించి మళ్లీ పూల దగ్గరికి వెళ్లింది.

జీపు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. నోరు ఎండిపోయింది. నేలలోకి ఇంకుతున్న ఆ సారా వాసన ఇంకా ముక్కులోనే ఉంది. అందులో వేరు లేదు. కానీ తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఎవరైనా ఆ వేరు ముచ్చట అడిగితే ఏం చెప్పాలా అని నేను వెతుక్కోలేదు.