పాలపిట్టకు పొడుగు లెన్సు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం కూడా ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్ల మీద జాలిపడేదాన్ని. ఇరవై నాలుగేళ్ల వయసు, ఆలూరు బళ్లో కొత్తగా బయాలజీ టీచరు ఉద్యోగం, చేతిలో ఒక కెమెరా, ఫోన్లో లెన్సుల మీద చూసిన లెక్కలేనన్ని వీడియోలు. మనిషి చెడిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? (ఆ వీడియోలు తీసేవాళ్లలో ఒక్కరూ మా సీమ ఎండలో నిలబడినవాళ్లు కారని తర్వాత అర్థమైంది.) ఆ ఊపులోనే స్టాఫ్ రూములో అందరి ముందూ, సైన్స్ ఎగ్జిబిషన్‌కు పాలపిట్ట రెక్కలు విప్పి ఎగిరే ఫొటో తీసి, గోడకు ఇంత పెద్దది పెడతానని చేతులు చాపి మరీ ప్రకటించాను. మా లెక్కల సారు పేపర్లు దిద్దడం ఆపి, "పాలపిట్ట మీకు చెప్పి ఎగురుతాదా మేడం?" అన్నారు. అందరూ నవ్వారు. ఇక లెన్సు కొనక తప్పలేదు.

కర్నూలులో పాత కెమెరాలూ లెన్సులూ అమ్మే చిన్న అంగడి ఒకటుండేది. దాని యజమానిని అందరూ ఫోకస్ భాయ్ అనేవాళ్లు. ఆ రోజు మా నాయన కూడా నా వెంట ఉన్నాడు. (మాది కడప వైపు మగ్గాల ఇల్లు. నన్ను చూడ్డానికి వచ్చినా, ఎవరికో ఇవ్వాల్సిన చీర ఒకటి ఆయన సంచిలో ఉండాల్సిందే.) భాయ్ బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి జానెడు పొడవున్న మూడు వందల మిల్లీమీటర్లది. రెండోది, తిప్పేకొద్దీ ముందుకు సాగే ఆరు వందలది. "పెద్దది దూరం లాగుతాది. చిన్నది అంత లాగదు గానీ శానా సాఫ్‌గా చూపిస్తాది, మోసేదానికీ తేలిక. నీకు చిన్నదే మంచిది బేటీ" అన్నాడు. మా నాయనకు కెమెరాల సంగతి తెలియదు, అయినా ఊరుకునే మనిషి కాదు. సంచిలోంచి చీర తీసి, అంచు కనబడేలా తలుపుకు వేలాడదీసి, రెండింటితోనూ ఫొటో తీయమన్నాడు. తీశాక కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేయించుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశాడు.

"పాపా, ఈ పెద్దదాంట్లో పోగులన్నీ అతుక్కోని ఉండాయి. చిన్నదాంట్లో ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు."

"పిట్టలకు పోగులుండవులే నాయనా" అన్నాను.

ఫోకస్ భాయ్ నవ్వు దాచుకోవడానికి వీధిలోకి తొంగిచూసి మూడు టీలు చెప్పాడు. మూడు వందలకు ఆరు వందలు రెండింతలు కాబట్టి, మంచితనం కూడా రెండింతలు ఉంటుందని నా లెక్క. దాచుకున్నదంతా పెద్దదానికే పెట్టేశాను.

శనివారం బడి ఒంటిపూట. బడి వదలగానే లెన్సును భుజాన వేసుకుని ఊరి బయటికి బయల్దేరాను. బస్టాండు దగ్గర లెక్కల సారు బైకు ఆపి, "తుపాకీకి లైసెన్సు ఉండాదా మేడం?" అని అడిగి మరీ వెళ్లారు. కరెంటు తీగ మీద, చాలా దూరంగా, పాలపిట్ట కూర్చుని ఉంది. దగ్గరికి పోవాల్సిన అవసరం ఆరు వందల లెన్సు ఉన్నవాళ్లకు ఏముంటుంది? నిలబడినచోటి నుంచే రెండు వందల ఫొటోలు తీశాను. నీడకు వచ్చి చూసుకుంటే ఒక్కదాంట్లోనూ పిట్ట పిట్టలా లేదు. నీళ్లలో పడిన రంగులా కరిగిపోయి ఉంది. కరెంటు తీగ కూడా పాములా మెలికలు తిరిగింది. చెడిపోయిన లెన్సు అంటగట్టాడని మండిపోయి, అప్పటికప్పుడు బస్సెక్కి కర్నూలు వెళ్లాను.

ఫోకస్ భాయ్ నా తిట్లన్నీ ఓపిగ్గా విని, ఫొటోలు చూసి, "యాపొద్దు తీసినావు బేటీ?" అన్నాడు.

"మధ్యాహ్నం ఒంటిగంటకు."

"ఆ టైముకు ఆలూరు నేల పెనం మాదిరి కాగుతాంటాది. పిట్టకూ నీకూ నడాన అంతా వేడిగాలే. పాపం లెన్సు ఏం చేస్తాది, పిట్టతో పాటు ఆ గాలిని గూడా దగ్గరికి లాగి చూపించింది. పొద్దున్నే పో. దగ్గరికి పో."

రాత్రి ఇంటికొచ్చి భాయ్ చెప్పింది చెబితే, ఇంకా నా దగ్గరే ఉన్న మా నాయన పొద్దున్నే తనూ వస్తానన్నాడు.  

సోమవారమే ఎగ్జిబిషన్. ఆదివారం తెల్లవారగానే నాయనా నేనూ, ట్రాక్టరుతో దున్నుతున్న ఒక చేనికి వెళ్లాం. మట్టి తిరగబడితే పురుగులు బయటపడతాయి, పురుగుల కోసం పాలపిట్ట వస్తుంది. (ఇదొక్కటీ నాకు నిజంగానే తెలుసు.) వచ్చింది కూడా. ఎంత దగ్గరికంటే, నా ముందు బారెడు దూరంలో ఒక మట్టిగడ్డ మీద వాలింది. బటను నొక్కాను. లెన్సు గుర్రుమని లోపలికీ బయటికీ తిరిగిందే తప్ప ఫోకస్ కుదరలేదు. మరీ దగ్గర ఉన్నదాన్ని అది పట్టుకోలేదట! నిన్న దూరమై చెడింది, ఈరోజు దగ్గరై చెడింది.

"నాయనా, వెనక్కి పోవాల" అన్నాను గుసగుసగా.

"పో మరి. నేను చెప్తాంటా. ఇంకొంచెం... ఇంకొంచెం... మ్మే, సాలు ఉండాది!"

ఆ చివరి మాట వినబడేసరికే కాలు ట్రాక్టరు దున్నిన సాలులో పడింది. నేను వెల్లకిలా పడుతుంటే పిట్ట బెదిరి లేచింది. వేలు మాత్రం బటను వదల్లేదు. మా నాయన పరుగెత్తుకుంటూ వచ్చి, "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. నన్నే అనుకున్నాను. ఆయన చూస్తున్నది లెన్సును.

ఇరవై ఫొటోల్లో పంతొమ్మిది ఆకాశం. మిగిలిన ఒక్కదాంట్లో పాలపిట్ట రెక్కలు ఈ చివర నుంచి ఆ చివర దాకా విచ్చుకుని ఉన్నాయి, నీలం మీద నీలం. తలకాయ మాత్రం ఫొటో బయట ఎక్కడో ఉండిపోయింది. ఇంకో దారి లేక దాన్నే ఆదోనిలో పెద్దదిగా ప్రింటు వేయించి గోడకు పెట్టాను.

లెక్కల సారు వచ్చి నిలబడ్డారు. "తలకాయ యాడ మేడం?"

"ఎగిరే పాలపిట్టలో చూడాల్సింది రెక్కలు సార్" అన్నాను, ముందునుంచీ అదే నా ఉద్దేశం అన్నట్టు.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గోడ దగ్గరికి జరిగి, "దినామూ ఈ పిట్ట కిందనే బైకులో పోతాండా. ఇంత రంగు లోపల పెట్టుకోని ఉంటాదని తెలీదు" అన్నారు మెల్లగా.

మరుసటి ఏడాది పెద్ద లెన్సు ఫోకస్ భాయ్‌కే ఇచ్చేసి చిన్నది తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ఫొటోల్లో పిట్టలకు తలకాయలుంటాయి, కళ్లలో మెరుపు కూడా ఉంటుంది. ఎండ, గాలి, దూరం అన్నీ చూసుకుని, కుదరదనిపిస్తే కెమెరా సంచిలోంచి తీయను. ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం కుదరదన్న అనుమానమే వచ్చేది కాదు. ఆలూరు దారిలో మిట్టమధ్యాహ్నం తీగ మీద పాలపిట్ట కనబడితే, ఆ అమ్మాయి గుర్తొచ్చి, బొమ్మ సరిగా రాదని తెలిసీ ఒక్క ఫొటో తీసుకుంటాను.