ప్రభావతి దవాఖానకు తీసుకుపోయిన ఖమీర్

నాంపల్లిలో శ్యామ్‌సుందర్ డబల్‌రొట్టెల భట్టీ నడిపేవాడు. పిండి పొంగబెట్టే ఖమీర్ మాత్రం అతని భార్య ప్రభావతి చేతిలోనే ఉండేది. జాడీ మూత తీసి వాసన చూస్తే చాలు, ఆ రోజు రొట్టె ఎట్లా వస్తుందో చెప్పేది.

1971లో శ్యామ్‌సుందర్‌కు అబిడ్స్ దగ్గర ఒక దవాఖానలో పేగు ఆపరేషన్ అయింది. తిండి దిగక చాలా రోజులు కాలి నరంలో గొట్టం పెట్టి గ్లూకోజు ఎక్కించారు. కుట్లు మానాయి గాని చలిజ్వరం పట్టుకుంది. ఏ సూదిమందుకూ లొంగలేదు. ఆ దవాఖానలోనే ల్యాబు చూసే డాక్టర్ శశికళ అతని నెత్తురు తీసి సీసాలో పెంచితే ఈస్టు పెరిగింది. బయటిదేదో పడిందేమోనని మళ్లీ తీసింది. మళ్లీ అదే.

"ఈస్టంటే ఏంది డాక్టరమ్మా?" అని ప్రభావతి అడిగింది.

"మీరు పిండిలో వేస్తారే, అలాంటిదేనండీ."

తన ఖమీరే మొగుడి నెత్తుట్లో చేరిందేమోనని ప్రభావతికి అనుమానం పట్టుకుంది. మరునాడు జాడీని కొంగు చాటున పెట్టుకుని వచ్చింది.

"జర గిది గూడ చూడున్రి. గిదే అయితే భట్టీ మూసేస్తం."

శశికళ నవ్వలేదు. "చూద్దాం. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

రెండింటినీ వేరువేరుగా చక్కెర నీళ్లలో వేసింది. ఖమీర్ వేసిన గొట్టంలో గాలి బుడగ కట్టింది. నెత్తుటి ఈస్టు వేసిన దాంట్లో ఏమీ లేదు. ప్రభావతి మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూసింది.

"మాది గుండ్రంగున్నది. గీ ఇంకోటి గొలుసుల్లెక్క పోతున్నదేంది?"

"అది వేరే జాతండీ. మామూలుగా జబ్బు చేసే రకమైతే నెత్తుటి నుంచి తీసిన సీరంలో పెడితే తోకలు వేస్తుంది, ఇది వేయలేదు. దీని పేరు పారాప్సిలోసిస్. మనుషుల చేతుల మీద ఉంటుంది. ఆ గొట్టం వెంటే లోపలికి పోయినట్టుంది."

"గట్లయితే గొట్టం తీస్తే పోతదా?"

"తీయాల్సిందే. కానీ అదొక్కటే చాలదు."

తీసిన గొట్టం కొన మీదా అదే పెరిగింది. బొంబాయి నుంచి ఆంఫోటెరిసిన్ తెప్పించారు. ఆ మందు ఎక్కినప్పుడల్లా శ్యామ్‌సుందర్ పళ్లు టకటకలాడేవి. ప్రభావతి దుప్పట్లు కప్పి పట్టుకునేది. మూత్రపిండాలు ఓర్చుకుంటున్నాయో లేదో చూసుకుంటూ వారాల తరబడి ఇచ్చారు. చివరికి సీసాల్లో ఏమీ పెరగలేదు.

శ్యామ్‌సుందర్ ఇంటికొచ్చాడు గాని భట్టీ వేడికి నిలబడే సత్తువ మళ్లీ రాలేదు. అతను ముందర గల్లా మీద కూర్చుంటే, భట్టీ ఆమె అందుకుంది. చుట్టాలనెవరినైనా చూడ్డానికి దవాఖానకు పోతే, ముందు మంచం పక్కన వేలాడే సీసా చూసేది. "గీ గొట్టం పెట్టి ఎన్ని రోజులాయె?" అని నర్సును అడిగేది. కొందరు విసుక్కునేవాళ్లు. ఆమె మాత్రం జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.