వేములపల్లి రోడ్డు మీద ఎర్రగుడ్డ

ఇది చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. మనుషులు లేక కాదు. నాన్న ఉన్నాడు, భార్య ఉంది, మిల్లులో రోజూ పక్కన కూర్చునేవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరికి చెప్పినా మర్నాటి నుంచి వాళ్ళ ముఖం చూస్తూ బతకాలి. మీ ముఖం నేను చూడనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఏళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇది. అన్నం దిగుతుంది, నిద్రా పడుతుంది, కానీ వరి కోతలు మొదలై రోడ్ల మీద వడ్లు కనిపించిన రోజు నుంచి నాకు కాలు నిలవదు, ఎవరు పలకరించినా ఉలిక్కిపడతాను.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు తాత పెట్టాడు, నాన్న పెంచాడు, నేను కూర్చున్నాను. నా ముచ్చట చూసి నాన్న ఒక స్పోర్ట్స్ కారు కొనిచ్చాడు. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే కారు. మా ఊళ్ళో దానికి తగ్గ రోడ్డు లేదు. బియ్యం లారీల మధ్య, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అడుగు తగలకుండా ఏటవాలుగా ఎక్కించి దించుకుంటుంటే, సైకిళ్ళవాళ్ళు నన్ను దాటిపోయి వెనక్కి తిరిగి నవ్వేవారు. కొనిచ్చేటప్పుడు నాన్న ఒకే మాట అడిగాడు, దాన్ని పందేలకి తిప్పొద్దని. తిప్పనన్నాను.

ట్రాక్ డే అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. రేసులు జరిగే ట్రాక్‌ని ఒక రోజు మామూలు మనుషులకి వదులుతారు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, మన కారుని మనకి చేతనైనంత వేగంగా తోలుకోవచ్చు. బహుమతి లేదు, ఎదురొచ్చే ట్రాక్టర్ లేదు. చెన్నై దగ్గర ట్రాక్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు, హైదరాబాద్‌లో వ్యాపారం పని ఉందని ఇంట్లో చెప్పాను. పందెం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం ఎక్కడ మొదలైందో నాకు బాగానే గుర్తుంది.

ఆ సంతోషం గురించి మాత్రం అబద్ధం చెప్పను. ఆ మలుపుల్లో నేను ఫలానావాళ్ళ అబ్బాయిని కాదు, చిన్న సేటుని కాదు. చేతుల్లో స్టీరింగు, కాలి కింద బ్రేకు, అంతే. మళ్ళీ వెళ్ళకుండా ఉండగలిగేవాణ్ణా? ఉండలేదు.

కారు కొనడం ఒక ఎత్తు, దాన్ని ట్రాక్ మీద తిప్పడం ఇంకో ఎత్తు. ఊళ్ళో తిరిగితే ఏళ్ల తరబడి వచ్చే టైర్లు అక్కడ రెండు మూడు ట్రిప్పులకే నున్నగా గుండు కొట్టినట్టయ్యేవి. బ్రేక్ ప్యాడ్లు కళ్ళముందే అరిగిపోయేవి. ఇంజిన్ ఆయిల్ గడువుకి చాలా ముందే మార్చాలి. బ్రేక్ ఆయిల్ అయితే ప్రతిసారీ కొత్తది పోయాలి, ఆ వేడికి పాతది మరిగిపోయి సమయానికి పనిచేయదు. పెట్రోలు సంగతి అడగకండి. రుసుము, హోటలు, ఆ అరిగిన టైర్లతో హైవే మీద రాలేక కారుని ఎక్కించి తెచ్చే రికవరీ బండి కిరాయి, అన్నీ కలిసి ప్రతిసారీ తడిసి మోపెడయ్యేది. నాన్నకి సర్వీసింగ్ అని చెప్పేవాణ్ణి. మనం కొన్నది కారా ఏనుగా అని నవ్వుతూనే ఇచ్చేవాడు. రెండెకరాల వడ్లు అమ్మితే వచ్చే డబ్బు నాలుగు టైర్ల మీద అరిగిపోతోందని అప్పుడు నాకు తట్టలేదు. మిల్లులో పుట్టి పెరిగినవాడికి అది తట్టకపోవడమేమిటి? తట్టే ఉంటుంది. పక్కకి నెట్టి ఉంటాను.

ఆ ఏడు వానాకాలం పంట కోతలప్పుడు చేతిలో డబ్బు తక్కువైంది. అంతకుముందే సర్వీసింగ్ పేరు చెప్పి తీసుకున్నాను, మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. ఏదో ఒక ఖర్చు మానుకోవాలి. బ్రేక్ ఆయిల్ మార్చకుండా వెళ్ళాను. అన్నిటిలోకీ చిన్న ఖర్చు అదే. మధ్యాహ్నం ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కాలు అడుగు దాకా వెళ్ళిపోయింది, కారు ఆగలేదు. నేరుగా వెళ్ళి టైర్లు పేర్చిన గోడని గుద్దింది. ముందు భాగం నుజ్జునుజ్జయింది. నా మెడ పట్టేసింది. అంతకుమించి నాకేమీ కాలేదు.

ట్రాక్ మీద జరిగినదానికి బీమా రాదు. అది నాకు మొదటి నుంచీ తెలుసు. బాగుచేయించడానికి ఎంతవుతుందో వింటే కళ్ళు బైర్లు కమ్మాయి. కానీ నేను భయపడింది డబ్బుకేనా? ఎన్నోసార్లు అడిగి చూసుకున్నాను. కాదు. నాన్న తిట్టడు. మాట తప్పావని కూడా అనడు. "సరే" అని లేచి వెళ్ళిపోతాడు. ఆ "సరే" వినలేక చేశాను ఇదంతా.

కారుని ఎక్కించుకున్న రికవరీ బండి విజయవాడ మీదుగా ఇంకా చీకటుండగానే కోదాడ చేరింది. టీకి ఆగాం. డ్రైవర్‌ది ఆ ఊరే. ఈ కోతల రోజుల్లో మిర్యాలగూడ రోడ్డంతా వడ్లు పోసేస్తారండీ, మొన్న మా బంధువు బైకు వడ్ల మీద జారి కాలు విరిగింది, నిదానంగా వెళ్దామండీ అన్నాడు. అతను మాటవరసకే అన్నాడు. నేను మాత్రం టీ సగంలో వదిలేసి లేచాను.

మా వైపు వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు. రోడ్డులో సగం మేర పోసి, చుట్టూ రాళ్లు పేర్చి, సాయంత్రం కుప్పజేసి పట్టా కప్పుతారు. వచ్చేపోయేవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి తిప్పుకుని పోతారు. కల్లాలు చాలవు కాబట్టి పోస్తారు. పచ్చి వడ్లు తెస్తే మిల్లువాళ్ళు తేమ పేరు చెప్పి ధర కోస్తారు కాబట్టి పోస్తారు. మిల్లువాళ్ళంటే ఎవరో కాదు, మేమే.

ఇంట్లో ఎప్పట్లాగే హైదరాబాద్ అని చెప్పి వచ్చాను. అక్కణ్ణుంచి వస్తున్నట్టు కనబడాలి గనుక మిర్యాలగూడ దాటించి, అవతల వేములపల్లి వైపు పోనివ్వమన్నాను. డ్రైవర్ నా వంక కాసేపు చూశాడు. దించేసి వెళ్ళిపోతానండీ, తర్వాత నన్నేమీ అడగొద్దండీ అన్నాడు. వేములపల్లి దగ్గర ఒక చిన్న కల్వర్టు ఉంది, దాని ముందే ఒక వడ్ల కుప్ప. కాపలా మనిషి లేడు, ఇంటికి వెళ్ళి పడుకున్నట్టున్నాడు. కారు ముందు భాగం కల్వర్టు గోడకి ఆనేలా దించాం. గోనెసంచిలో తెచ్చిన బంపర్ ముక్కలు అక్కడే గుమ్మరించాను. పట్టా లాగేసి వడ్లని రోడ్డు మీదికి కాళ్ళతో తోశాను. పొరపాటున వడ్లకి కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకునే ఇల్లు మాది. ఆ పొద్దు నేను కాళ్ళతో తోశాను.

అంతా అయ్యాక చూస్తే, కుప్పకి ముందు రాళ్ల మధ్య నిలబెట్టిన కర్రకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. పాత చీర ముక్క. దూరం నుంచి వచ్చేవాళ్ళకి కనబడాలని రెండు ముళ్ళు వేసి, కొసలు గాలికి ఎగిరేలా కట్టాడు. అది ఉండగా నేను అల్లిన కథ నిలవదు. రెండు ముళ్ళూ విప్పి జేబులో పెట్టుకున్నాను. కర్ర తీసి పొదల్లోకి విసిరాను. అప్పుడు నాన్నకి ఫోన్ చేసి, మసకచీకట్లో వడ్లు కనబడక జారి కల్వర్టుని గుద్దానని చెప్పాను.

నాన్న వచ్చి కారు వైపు కూడా చూడలేదు. నా మెడ పట్టుకుని, తలంతా తడిమి, పానం దక్కింది సాలు అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. సూర్యాపేటలో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి మెడకి పట్టీ వేయించాడు. మెడ నొప్పి నిజమే, నిజంగా ఉన్నది అదొక్కటే. బీమా డబ్బు వచ్చింది. ఎర్రగుడ్డని మిల్లు బాయిలర్ దగ్గరికి తీసుకెళ్ళి ఊకతో పాటు మంటలో వేశాను.

ఇప్పుడు ఆ వడ్ల మనిషి గురించి. పేరు లింగయ్య అనుకోండి. అరవై దాటిన మనిషి, ఏటా వడ్లు మా మిల్లుకే పోస్తాడు. పోలీసులు పిలిచి నలుగురిలో నిలబెట్టి మందలించారట. నాలుగైదు రోజులకి మిల్లుకి వచ్చాడు. నేను మెడ పట్టీతో కుర్చీలో ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సిన్న సేటూ, నేను గుడ్డ కట్టిన అనే అనుకుంటున్న. ఎన్నడు మర్వను. మా ముసల్దాని చీర చింపి కట్టినట్టే యాదికున్నది. పొద్దుగాల పోయి సూస్తే కర్ర లేదు, గుడ్డ లేదు. కట్టిన్నా, కట్టలేదా? ఇగ నాకే సమజైతలేదు."

నేను మెడ పట్టీ సర్దుకున్నాను.

"నువ్వు సూసినవా సేటూ? గుడ్డ ఉండెనా?"

అడిగింది ఒకే మాట. ఉందని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"లేదు పెద్దయ్యా," అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నేనే మర్సిన. నీ పానం పోతే నీ నాయినకు ఏం జెప్పుదు? తప్పైంది బిడ్డా."

"పోనీ పెద్దయ్యా. నేనేం అనుకుంటలేను."

చూశారా. నేను ఆయన్ని క్షమించాను. కారు గుద్దింది నేను, గుడ్డ విప్పింది నేను, వడ్లు తొక్కింది నేను, క్షమించిందీ నేనే. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. కథ కల్పించడం, బీమావాళ్ళని మోసం చేయడం, వీటికి ఎప్పుడో ఒకప్పుడు నాకు నేను సాకులు చెప్పుకోగలను. ఈ ఒక్కదానికి నా దగ్గర సాకు లేదు. ఆయన దణ్ణం పెడుతుంటే నా మనసులో మొదట కలిగింది సిగ్గు కాదు. గండం గడిచిందన్న తేలిక. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఏడు ఆయన మిగిలిన వడ్లు ఆరబెట్టకుండానే తెచ్చేశాడు. మళ్ళీ రోడ్డు మీద పోయడానికి భయం. తేమ ఎక్కువుందని మా వాళ్ళు ధర కోశారు. నేను అక్కడే ఉన్నాను, కిమ్మనలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. మెడ నొప్పికి పడదని ఇంట్లో చెప్పి నేను కారు అమ్మేశాను, ట్రాక్ మానేశాను. లింగయ్యకి మాత్రం తన మీద తనకి నమ్మకం పోయింది. ఒకసారి ఆయన కోడలు వడ్లతో వచ్చి, తలుపు గొళ్ళెం పెట్టాక కూడా మా మామ మూడుసార్లు లేచి చూస్తాడు, పెట్టానా అని మమ్మల్నే అడుగుతాడు, గుడ్డ కట్టడం మరిచిన రోజు నుంచే ఇట్లా అయ్యాడు అని నవ్వుతూ చెప్పింది. పక్కవాళ్ళూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

కోతలు రాగానే ఆయన పాత చీరలు చింపి చంకన పెట్టుకుని, సాయంత్రం వేళ ఆ రోడ్డు పొడవునా తిరుగుతాడు. ఎవరి కుప్ప అయినా సరే, కర్ర నిలబెట్టి గుడ్డ కడతాడు. విసుక్కున్నవాళ్ళకి నా కథే చెబుతాడు. నేను గుడ్డ మర్సిన, ఒక పిల్లగాడు సావు దాకా పోయిండు, నాకు పట్టిన పాపం మీకొద్దు అంటాడట. చేయని తప్పుని ఆయన ఏటా నలుగురిలో ఒప్పుకుంటున్నాడు. చేసినవాణ్ణి నేను గల్లాపెట్టె వెనక కూర్చుని ఆయన వడ్లు కొంటున్నాను.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. నాన్న బతికున్నన్ని రోజులూ వద్దని ఒకసారి, లింగయ్య గుండె తట్టుకోలేదని ఒకసారి ఆగాను. ఎవరి గుండె గురించి నా భయం? ఆయనది గట్టి గుండె. లేకపోతే ఇన్నేళ్లు ఇంత పాపం మోసేవాడా?

ఈ కోతలప్పుడు నల్లగొండ నుంచి వస్తుంటే, అదే కల్వర్టు దగ్గర ఆయన కనబడ్డాడు. కారు ఆపకుండా ఉండలేకపోయాను. ముళ్ళు బిగించి, నా వైపు తిరిగాడు. చూపు కాస్త తగ్గింది, దగ్గరికొచ్చి గుర్తుపట్టాడు. మెడ నొప్పి పోయిందా అని ముందు అదే అడిగాడు. పోయిందన్నాను.

"సూడు సిన్న సేటూ, గుడ్డ కట్టిన. ఉన్నది గదా?"

"ఉన్నది పెద్దయ్యా."

"రేపు నాకు యాది లేకున్నా, నువ్వు సూసినవ్ గద. ఎవరన్న అడిగితే జెప్పు," అని పక్క కుప్ప వైపు నడిచాడు.

చాలాసేపు కారులోనే కూర్చున్నాను. పిలవాలని నోరు తెరిచాను, పిలవలేదు. ఇంటికొచ్చి ఇది మీకు రాశాను. ఆయనకి చెప్పే ధైర్యం వస్తుందో రాదో, వస్తుందని మాట ఇవ్వలేను, నా మాట సంగతి మీకు ఇప్పటికే తెలుసు. మీరు క్షమించాలని కూడా అడగడం లేదు, క్షమించడం ఎంత సులువో నాకు తెలుసు. కానీ ఒక్క మనిషికైనా చెప్పాక, గొంతులో ఉన్నది కొంచెం కదిలింది.

ఎవరైనా అడిగితే చెప్పమన్నాడు. ఎవరూ అడగరు. అయినా చెబుతున్నాను. ఆ రోజు కూడా గుడ్డ ఉంది. నేను చూశాను.